సోషలిస్టు పక్షము: ఉదయాస్తమయములు

జయించినవారి చరిత్రను లోకము తనంతట తానే చెప్పుకొనును. ఓడినవారి చరిత్రను వెదకి చదువవలసి యుండును. అందును, ఒక ఆశయమును నమ్ముకొని నలువది యేండ్లకు పైగా నడచి, తుదకు తన పేరును సైతము నిలుపుకొనజాలక ఇతర పక్షములలో కలసిపోయిన రాజకీయ పక్షముయొక్క చరిత్ర మఱింత శ్రద్ధతో చదువదగినది. 1952వ సంవత్సరమున ముగిసిన ప్రథమ సామాన్య ఎన్నికలలో కాంగ్రెసు తర్వాత ఎక్కువ వోట్లు పొందిన పక్షము సోషలిస్టు పక్షము. కోటికి పైగా జనులు దానికి వోటు వేసిరి. ఇరువది యేండ్లు గడచునప్పటికి లోకసభయందు దాని రెండు శాఖలకును కలిపి అయిదుగురు సభ్యులే మిగిలిరి. పిమ్మట ఆ పేరే మఱుగుపడెను. ఇంతటి పక్షము ఇట్లేల క్షీణించెను? ఓటమిచేతనా? పేదఱికముచేతనా? లేక తన దృష్టిని తానే పోగొట్టుకొనుటచేతనా?

వార్షిక మహాసభా సంచికలో ఈ చరిత్రతో పనియేమని కొందఱు అడుగవచ్చును. వెనుకబడిన తరగతులకు అధికారమున భాగము, జనసంఖ్యకు తగిన ప్రాతినిధ్యము అను మాటలు నేడు మనవంటి సంఘముల సభలన్నిటిలోను వినవచ్చుచున్నవి. దక్షిణదేశమున ఈ వాదము జస్టిసు పక్షమువారి కాలముననే పుట్టినది. కాని దానికి ఉత్తరహిందూస్థానమున వ్రేళ్లు దన్నించి, అఖిలభారత రాజకీయ సిద్ధాంతముగ తీర్చినవారు సోషలిస్టులు. మనము నిత్యము వాడుకొను మాట యే కొలిమిలో కాగి వచ్చినదో, ఆ కొలిమి యేల చల్లారినదో తెలిసికొనుట మనకు విధి.

పుట్టుక, దృష్టి

శాసనోల్లంఘనోద్యమమున శిక్షపడి 1932, 33 సంవత్సరములలో నాసిక్ కారాగారమున నుండిన యువకులు కొందఱు ఈ పక్షమునకు బీజము నాటిరి. జయప్రకాశ నారాయణ్, అచ్యుత పట్వర్ధన్, మినూ మసానీ, అశోక మెహతా మొదలగువారు, ఆంగ్లేయులు వెడలిపోయిన పిమ్మట ఈ దేశము ఎవరిది కావలెనను ప్రశ్నను అచట చర్చించుకొనిరి. 1934 మే నెలలో పాట్నా నగరమున ఆచార్య నరేంద్రదేవుగారి అధ్యక్షతను తొలి సమావేశము జరిగెను. ఆ యేటి అక్టోబరులో బొంబాయియందు కాంగ్రెసు సోషలిస్టు పక్షము అఖిలభారత సంస్థగా రూపు దాల్చెను. యూసఫ్ మెహర్ అలీ, రామమనోహర లోహియా, కమలాదేవీ చటోపాధ్యాయ మున్నగువారును అందు ప్రముఖులు. వారిలో పెక్కురు ముప్పదియేండ్ల ప్రాయమువారు.

వారు మొదట మార్క్సు సిద్ధాంతమునే చాలవరకు అనుసరించిరి. రష్యాలోని నిరంకుశత్వమును చూచిన పిమ్మట క్రమముగా ప్రజాస్వామ్యమువైపు మొగ్గిరి. అంతట వారి దృష్టి మూడు మాటలలో ఇమిడెను. దున్నువానికి భూమి, శ్రమించువానికి కర్మాగారముపై హక్కు దక్కనిది స్వరాజ్యము పూర్ణము కాదు. ఆ హక్కును ప్రజాస్వామ్య మార్గముననే సాధింపవలెను. ఆ సాధన జాతీయోద్యమమునకు వెలుపల గాక లోపల జరుగవలెను. ధనస్వామ్యమును గాని నియంతృత్వమును గాని ఒల్లని నడిమి త్రోవ యది. 1936లో లక్నోయందు అఖిలభారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు సోషలిస్టులు దానికి అండగా నిలిచిరి. స్వామి సహజానంద సరస్వతిగారు దానికి అధ్యక్షులుగను, మన ఆచార్య రంగాగారు ప్రధాన కార్యదర్శిగను ఎన్నికైరి.

తెలుగుదేశమున మాత్రము ఈ పక్షమునకు పునాదియే నిలువలేదు. వామపక్షములన్నియు ఏకము కావలెనని కోరి జయప్రకాశ నారాయణ్ గారు 1936లో కమ్యూనిస్టులను తమలో చేర్చుకొనిరి. ఆంధ్ర, తమిళ, కేరళ శాఖలు కొలదికాలమునకే వారి వశమయ్యెను. పుచ్చలపల్లి సుందరయ్యగారు మొదలగువారు ఆ శాఖలో పనిచేసినవారే. 1940లో కమ్యూనిస్టులను వెలివేసినప్పుడు ఆంధ్రమున శాఖ యావత్తు వారివెంట పోయెను. పేరు మాత్రము సోషలిస్టులకు మిగిలెను. ఇల్లు కట్టినవారొకరు, కాపురముండినవారు వేఱొకరు. ఆంధ్రజిల్లాలలో తర్వాత కమ్యూనిస్టులు అంత బలపడుటకును, సోషలిస్టులు తలయెత్తలేకపోవుటకును ఇది యొక ముఖ్య కారణము.

అయినను 1942 ఉద్యమము సోషలిస్టులకు దేశమంతట కీర్తి తెచ్చెను. ఆ యేడు నవంబరు 9వ తేదీ దీపావళి రాత్రి జయప్రకాశ నారాయణ్ గారు హజారీబాగు కారాగారపు గోడ దాటి తప్పించుకొనిరి. లోహియా, అచ్యుత పట్వర్ధన్, అరుణా అసఫ్ అలీగార్లు అజ్ఞాతవాసమున ఉద్యమమును నడపిరి. ఉషా మెహతాగారు బొంబాయిలో రహస్య రేడియో నడపి శిక్ష పొందిరి. స్వాతంత్ర్యము సిద్ధించునప్పటికి సోషలిస్టు నాయకులయంత యువజనాదరము గలవారు కాంగ్రెసున బహుకొద్దిమందియే.

కాంగ్రెసును వీడుట

రాజ్యాంగ సభ ఏర్పడునాటికి సోషలిస్టు నాయకులు దానికి దూరముగ నుండిరి. వయోజనులందఱు ఎన్నుకొనని సభ దేశమునకు ధర్మశాసనము వ్రాయజాలదని వారి వాదము. వాదము బలమైనదే. కాని భూమి, ఆస్తి, పని మొదలగు హక్కులనుగూర్చి తీవ్ర చర్చ సాగిన ఆ సభయందు వారి కంఠము వినబడకపోయెను. 1948లో కాంగ్రెసు తనలోపల వేఱు నియమావళి గల పక్షములు ఉండరాదని శాసించెను. మార్చి నెలలో నాసిక్ సభయందు సోషలిస్టులు కాంగ్రెసును వీడిరి.

నరేంద్రదేవుగారును వారి సహచరులును సంయుక్తరాష్ట్ర శాసనసభలోని తమ స్థానములను విడిచి మఱల ప్రజల తీర్పు కోరిరి. కాంగ్రెసు పేర గెలిచిన స్థానమున కాంగ్రెసును వీడి కూర్చుండుట ధర్మము కాదని వారి భావము. ఫైజాబాదున బాబా రాఘవదాసుగారి చేతిలో నరేంద్రదేవుగారు ఓడిపోయిరి. పదవికొఱకు పక్షమును మార్చి పదవిని విడువని కాలమును తర్వాత చూచిన మనకు ఈ ఉదాహరణము ఆశ్చర్యము కలిగింపక మానదు. నైతికముగ అది ఈ పక్షముయొక్క శిఖరము. రాజకీయముగ తొలి ఓటమి.

1952 ఎన్నికలలో సోషలిస్టులకు నూటికి 10.59 వోట్లు వచ్చెను. దక్కిన స్థానములు మాత్రము 12. కమ్యూనిస్టులకు నూటికి 3.29 వోట్లే వచ్చినను 16 స్థానములు దక్కెను. కమ్యూనిస్టులు కొన్ని జిల్లాలలో చిక్కగా నుండిరి. సోషలిస్టులు దేశమంతట పలుచగా నుండిరి. ఒక్కొక్క స్థానమున ఎక్కువ వోట్లు వచ్చినవాడే గెలుచు పద్ధతిలో పలుచని బలము బలము కాదు. దాని మందు ఒక్కటే. ఎన్నుకొన్న కొన్ని ప్రాంతములలో పదియేండ్లు ఓర్పుతో పాదుకొనుట. ఆ ఓర్పు సోషలిస్టులకు లేకపోయెను. వారు దగ్గఱి దారి వెదకిరి.

కొలబద్ద పరుల చేతిలో

ఆచార్య కృపలానీగారు 1951లో కాంగ్రెసును వీడి కిసాన్ మజ్దూర్ ప్రజాపక్షమును స్థాపించియుండిరి. టంగుటూరి ప్రకాశం పంతులుగారు తమ ప్రజాపక్షముతో అందు చేరిరి. 1952లో ఆ పక్షమునకు లోకసభలో 9 స్థానములు వచ్చెను. మద్రాసు శాసనసభయందు 375 స్థానములకుగాను కాంగ్రెసునకు 152 మాత్రమే రాగా, ఈ ప్రజాపక్షమునకు 35, సోషలిస్టులకు 13 దక్కెను. ప్రకాశం పంతులుగారు కాంగ్రెసేతర పక్షముల కూటమికి నాయకులై మంత్రివర్గమును కోరిరి. కాని గవర్నరు రాజాజీని ఆహ్వానించెను. ఆ సెప్టెంబరులో రెండు పక్షములును కలసి ప్రజా సోషలిస్టు పక్షమయ్యెను.

ఈ కలయికలో గాంధేయులును మార్క్సువాదులును ఒక కప్పు క్రింద చేరిరి. వారిని కలిపినది కాంగ్రెసుపై అసంతృప్తి. ఆ అసంతృప్తి పోయిననాడు కలసియుండుటకు వేఱు కారణము వారు సిద్ధము చేసికొనలేదు. మఱుసటి యేడే పరీక్ష వచ్చెను. నెహ్రూగారు సహకారము కోరగా, 1953 మార్చిలో జయప్రకాశ నారాయణ్ గారు 14 అంశముల కార్యక్రమమును వారికి పంపిరి. బ్యాంకులను, భీమా సంస్థలను జాతీయము చేయుట, భూమిని పంచుట, సంస్థానాధీశులకు రాజ్యాంగమిచ్చిన రక్షణలను తొలగించుట మొదలగునవి అందుండెను. సంభాషణలు విఫలమయ్యెను. జూను నెలలో బేతూలు సభయందు అశోక మెహతాగారు, వెనుకబడిన ఆర్థికవ్యవస్థ గల దేశమున ప్రతిపక్షము ప్రభుత్వముతో కొంతవఱకు సహకరింపక తప్పదని వాదించిరి. కాంగ్రెసునకును కమ్యూనిస్టులకును సమానదూరమున నుండవలెనని లోహియాగారు బదులు చెప్పిరి.

ఇచ్చట చదువరులు ఒక్క నిమిషము ఆగి యోచింపవలెను. ఒకరు కాంగ్రెసునకు దగ్గఱ కమ్మనిరి. ఒకరు దూరముగ నుండుమనిరి. ఇరువురి కొలబద్దయు కాంగ్రెసే. మన త్రోవ యిది, దానికి మేము చేరువయైనను దూరమైనను కాంగ్రెసువారే చూచుకొందురు గాక యని చెప్పగల ధైర్యము ఆ సభయందు కనబడలేదు. తన యునికిని పరపక్షమునుండి కొలుచుకొనుట మొదలుపెట్టిన దినముననే ఈ పక్షముయొక్క దృష్టి మసకబారెనని నా యభిప్రాయము.

ఆంధ్రరాష్ట్రమునందు దాని ఫలము వెంటనే కనబడెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా, ప్రకాశం పంతులుగారు ప్రజా సోషలిస్టు పక్షమును విడిచి కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రులైరి. 1954 నవంబరులో మద్యనిషేధ విషయమున ఒక్క వోటు తేడాతో ఆ మంత్రివర్గము కూలెను. 1955 ఎన్నికలలో 196 స్థానములకు ప్రజా సోషలిస్టులకు దక్కినవి 13. ఒక వ్యక్తి వెంట వచ్చిన బలము ఆ వ్యక్తి వెంటనే పోయెను.

తిరువాన్కూరు కొచ్చి పరీక్ష

1954లో తిరువాన్కూరు కొచ్చి రాష్ట్రమున 19 మంది సభ్యులే గల ప్రజా సోషలిస్టు పక్షము కాంగ్రెసు మద్దతుతో మంత్రివర్గము నెలకొల్పెను. పట్టం థాణు పిళ్లెగారు ముఖ్యమంత్రి. ఆగస్టు 11వ తేదీన దక్షిణపు తమిళ తాలూకాలలో జరిగిన ఆందోళనపై పోలీసులు కాల్పులు జరుపగా కొందఱు మరణించిరి. లోహియాగారు అప్పుడు పక్షమునకు ప్రధాన కార్యదర్శులు, నైనీ కారాగారమున ఖైదీలు. ప్రజలపై కాల్పులు జరిపిన ప్రభుత్వము సోషలిస్టు ప్రభుత్వము కానేరదు, మంత్రివర్గము రాజీనామా చేయవలెనని వారు కారాగారమునుండి కోరిరి. పక్షము అంగీకరింపలేదు. లోహియాగారు కార్యదర్శిపదవిని వదలిరి. మఱుసటి యేడు వారిని పక్షమునుండి వెలివేసిరి.

ఈ వివాదమున ఇరుపక్షములందును న్యాయము కొంత కలదు. పాలింపబూనినవాడు శాంతిభద్రతల భారము మోయక తప్పదని పక్షమువారి వాదము. ఆ భారము మోయు విధానములోనే కాంగ్రెసునకును తమకును భేదము కనబడవలెనని లోహియాగారి వాదము. రెండవ వాదమున ఒక సత్యము గలదు. అధికారమునకు వచ్చిన మొదటి సందర్భముననే, పాతవారికంటె మీరు ఏ విధమున వేఱని జనులు అడిగినప్పుడు ఆ పక్షము చెప్పుకొనదగిన బదులు లేకపోయెను. థాణు పిళ్లెగారు తర్వాత 1960లో కేరళమున మఱల ముఖ్యమంత్రులై, 1962లో ఆ పదవిని వదలి గవర్నరుగిరీ స్వీకరించిరి. 1964 నుండి 1968 వరకు మన ఆంధ్రప్రదేశమునకు గవర్నరుగా నుండినది వారే.

లోహియాగారు 1955 డిసెంబరు చివర హైదరాబాదున సభ జరిపి వేఱు సోషలిస్టు పక్షము స్థాపించిరి. వారి మాన్ కైండ్ పత్రిక 1956 నుండి హైదరాబాదుననే వెలువడెను. కులవ్యవస్థపై వారి గ్రంథమును 1964లో హైదరాబాదు నవహింద్ సంస్థ ప్రకటించెను. ఆ ఆలోచనలకు అచ్చుయంత్రము తెలుగుగడ్డపై నుండెను. వినినవారు ఎక్కువగా బీహారు, ఉత్తరప్రదేశములవారు.

మాటలు పరులవగుట

ఇంతలో కాంగ్రెసు ఊరకుండలేదు. 1955 జనవరిలో ఆవడి సభయందు సోషలిస్టు తరహా సమాజమే తన ధ్యేయమని ప్రకటించెను. 1956లో జీవితభీమాను జాతీయము చేసెను. అంతకు పూర్వమే మద్రాసు, బీహారు, ఉత్తరప్రదేశము మొదలగుచోట్ల జమీందారీల రద్దు శాసనములు వచ్చియుండెను. సోషలిస్టులు ఇరువది యేండ్లు కోరిన ప్రథమ కోరికను పరులు, సగమైనను, తీర్చివైచిరి. జమీందారు పోగా అతని క్రింది పెద్ద కౌలుదారు సొంతరైతయ్యెను. నిన్నటివఱకు సోషలిస్టు జెండా పట్టినవాడు నేడు ధాన్యపు ధరను, నీటితీరువను, పన్నును గూర్చి యోచించు కమతగాడయ్యెను. అతని పొలమున కూలిచేయువాని కోరికలు వేఱు. ఇరువురికిని కలిపి ఏమి చెప్పవలెనో ఈ పక్షము నిర్ణయించుకొనలేదు. సొంతరైతు మాట చెప్పి చరణసింగుగారును, కూలివాని మాట చెప్పి కమ్యూనిస్టులును ఆ చోటును ఆక్రమించిరి.

నాయకులును ఒక్కొక్కరే తప్పుకొనిరి. జయప్రకాశ నారాయణ్ గారు 1954 ఏప్రిలులో బుద్ధగయయందు తమ జీవితమును భూదానోద్యమమునకు అర్పించి, 1957లో పక్షమునకు రాజీనామా ఇచ్చిరి. నరేంద్రదేవుగారు 1956 ఫిబ్రవరిలో పరమపదించిరి. అశోక మెహతాగారు 1963లో ప్రణాళికా సంఘపు ఉపాధ్యక్షపదవిని స్వీకరించి, మఱుసటి యేడు కాంగ్రెసున చేరిరి. లెక్కలును ఆ కథనే చెప్పును. ప్రజా సోషలిస్టులకు 1957లో నూటికి 10.41 వోట్లు, 19 స్థానములు. 1962లో 6.81 వోట్లు, 12 స్థానములు. 1967లో 3.06 వోట్లు, 13 స్థానములు. 1971లో 1.04 వోట్లు, 2 స్థానములు.

1953లో జయప్రకాశ నారాయణ్ గారు పంపిన కార్యక్రమమును ఇచ్చట మఱల తలపవలెను. 1969 జూలైలో ఇందిరాగాంధీగారి ప్రభుత్వము 14 పెద్ద బ్యాంకులను జాతీయము చేసెను. 1971లో రాజభరణములు రద్దయ్యెను. సోషలిస్టులు కోరినవి జరిగిన ఆ సంవత్సరముననే సోషలిస్టులను జనులు లోకసభనుండి దాదాపు తుడిచిపెట్టిరి. కోరిక నెఱవేరిన పిమ్మట కోరినవానితో పని యుండదు. నెఱవేరిన కోరికకు ఆవల చూపవలసినదేదో చూపగలిగిననే పక్షము బ్రతుకును.

లోహియాగారి నూతన దృష్టి

ఆవల చూచుటకు యత్నించినవారు లోహియాగారొక్కరే యని చెప్పవచ్చును. భారతదేశమున వర్గము మాత్రమే గాక కులమును దారిద్ర్యమునకు మూలమని వారు గ్రహించిరి. ప్రభుత్వము 1953లో నియమించిన కాకా కాలేల్కర్ సంఘము 1955లో నివేదిక సమర్పింపగా, అది మూలబడియుండెను. లోహియాగారు ఆ లోటును ఎఱిగి, స్త్రీలకు, శూద్రులకు, హరిజనులకు, ఆదివాసులకు, అల్పసంఖ్యాకులలోని వెనుకబడినవారికి కలిపి నాయకత్వ పదవులలో నూటికి 60 ఇవ్వవలెనని ప్రతిపాదించిరి. అగ్రకుల యువకులు తాము ఎరువై ఈ పంటను పెంచవలెనని వారి బోధ. కులసమస్యను వారు ఒంటరిగ చూడలేదు. దానితోబాటు ఆంగ్లభాషాధిపత్యమును, ధరల వ్యత్యాసమును, చిన్న యంత్రములను, అధికార వికేంద్రీకరణమును ముడివేసిరి. 1963లో ఫరుఖాబాదు ఉపఎన్నికలో గెలిచి లోకసభకు వచ్చిన వెంటనే, దేశమున 27 కోట్ల జనులు దినమునకు మూడణాలతో బ్రతుకుచున్నారని వారు వాదించిరి. నెహ్రూగారు పదునైదణాలనిరి. పేదవాని దినభత్యము దేశసభలో చర్చకు వచ్చుట గొప్ప మార్పు.

కాని ఈ దృష్టికి అధికారమార్గమును వెదకుటలో వారు కాంగ్రెసు వ్యతిరేకతయే ప్రధానమని నిర్ణయించిరి. కాంగ్రెసును దింపుటకు జనసంఘము మొదలు కమ్యూనిస్టులవఱకు ఎవరితోనైనను కలియవచ్చుననిరి. మఱల కొలబద్ద కాంగ్రెసే యయ్యెను. 1967లో బీహారున సంయుక్త సోషలిస్టు పక్షమునకు 68 స్థానములు వచ్చి, కూటమిలో అదియే పెద్ద పక్షమైనను, ముఖ్యమంత్రిత్వము మహామాయాప్రసాద సిన్హాగారికి దక్కెను. కర్పూరీ ఠాకూరుగారు ఉపముఖ్యమంత్రులైరి. లోకసభ సభ్యులైన బి.పి. మండలుగారు రాష్ట్రమంత్రిగా నుండరాదని లోహియాగారు పట్టుపట్టగా, మండలుగారు పక్షమును చీల్చి శోషిత దళమును స్థాపించి, 1968 ఫిబ్రవరి 1వ తేదీన ముఖ్యమంత్రులైరి. ఆ మంత్రివర్గము రెండు నెలలైనను నిలువలేదు. లోహియాగారు 1967 అక్టోబరు 12వ తేదీననే కన్ను మూసిరి.

ఈ మండలుగారే 1979లో నియమింపబడిన వెనుకబడిన తరగతుల సంఘమునకు అధ్యక్షులై 1980లో నివేదిక ఇచ్చిరి. దాని ప్రకారము కేంద్ర ఉద్యోగములలో నూటికి 27 వంతు 1990 ఆగస్టులో ప్రకటింపబడి, 1992 నవంబరులో సుప్రీము కోర్టుచే సమర్థింపబడెను. మన ఆంధ్రప్రదేశమున అంతకు ఎంతో పూర్వమే, అనంతరామన్ సంఘపు 1970 నివేదికపై కాంగ్రెసు ప్రభుత్వమే వెనుకబడిన తరగతులను విభాగములుగ చేసి వంతులు నిర్ణయించెను. కావున ఇచ్చట ఆ ఫలమునకు సోషలిస్టులు కర్తలు కారు. ఉత్తరాదిని మాత్రము వారి మాటయే ముందు నడచెను.

చీలికలు

కలయుటయు చీలుటయు ఈ పక్షమునకు నిత్యకృత్యమయ్యెను. 1964లో రెండు శాఖలు కలసి సంయుక్త సోషలిస్టు పక్షమయ్యెను. 1965 జనవరిలో వారణాసియందు మఱల చీలెను. 1971లో కలసెను. 1972లో చీలెను. 1974లో ఒక శాఖ చరణసింగుగారి లోకదళమున చేరెను. 1977లో మిగిలినది జనతాపక్షమున లీనమయ్యెను. 1979లో జనతాపక్షము ద్వంద్వసభ్యత్వ వివాదమున పగిలెను. తర్వాత 1988లో జనతాదళము, దానిలోనుండి 1992లో సమాజవాదీ పక్షము, 1994లో సమతాపక్షము, 1997లో రాష్ట్రీయ జనతాదళము, 2003లో జనతాదళము (యునైటెడ్) వెలువడెను. వీనిలో కొన్ని బలహీనములు కావు. 2024 లోకసభ ఎన్నికలలో సమాజవాదీ పక్షము 37 స్థానములు గెలిచెను.

మఱి క్షీణించినదేమి? దృష్టి. వారసులకు సీట్లు దక్కెను, సిద్ధాంతము చిల్లరయ్యెను. లోహియాగారు నెహ్రూగారి వంశపాలనను జీవితాంతము నిరసించిరి. 1997లో లాలూ ప్రసాదుగారు బీహారు ముఖ్యమంత్రిపదవిని వదలవలసి వచ్చినప్పుడు ఆ పదవి వారి భార్య రబ్రీదేవిగారికి దక్కెను. 2017లో సమాజవాదీ పక్షాధ్యక్షపదవి తండ్రినుండి కుమారునికి చేరెను. లోహియాగారి నూటికి అఱువది పట్టికలో మొదటి పేరు స్త్రీలది. 1996 నుండి శాసనసభలలో స్త్రీలకు మూడవ వంతు కేటాయించు బిల్లు వచ్చినప్పుడెల్ల, వెనుకబడిన తరగతుల స్త్రీలకు ప్రత్యేక భాగము లేదని దానిని గట్టిగ ఎదిరించినవారిలో ఈ వారసులే ముందుండిరి. ఆక్షేపణ న్యాయమైనదే కావచ్చును. కాని తమ పక్షముల టిక్కెట్లలో ఆ స్త్రీలకు భాగమిచ్చి చూపుటకు ఏ శాసనమును వారికి అడ్డురాలేదు.

మన విచారణకు

పదవులు పంచుకొను వేళ కర్పూరీ ఠాకూరుగారు చేసిన పనిని మనము మఱువరాదు. 1978లో బీహారు ముఖ్యమంత్రిగా వారు నూటికి 26 వంతు కేటాయించిరి. అందు అత్యంత వెనుకబడినవారికి 12, వెనుకబడినవారికి 8, స్త్రీలకు 3, అగ్రకులములలోని పేదలకు 3. వారు స్వయముగ మంగలి కులమున జన్మించినవారు. బలవంతుడైన వెనుకబడినవాడు బలహీనుడైన వెనుకబడినవానిని త్రోసివేయకుండ హద్దు గీచిరి. ఆ విభజనమునకు వారి మంత్రివర్గమునందే సుఖము లేకపోయెను. 1979లో వారు పదవి కోల్పోయిరి. 2023 అక్టోబరున బీహారు ప్రభుత్వము ప్రకటించిన కులగణనలో అత్యంత వెనుకబడినవారు నూటికి 36.01, వెనుకబడినవారు 27.12 అని తేలినప్పుడు వారి లెక్కయొక్క ధర్మము లోకమునకు మఱల కనబడెను. 2024లో వారికి మరణానంతరము భారతరత్న బిరుద మీయబడెను.

సోషలిస్టు పక్షము ఓటమిచేత నశింపలేదు. 1948లో ఓడినప్పుడు దాని గౌరవము పెరిగెను. ఎవరికొఱకు పుట్టితిమను ప్రశ్నను విడిచి, ఎవరికి దగ్గఱ, ఎవరికి దూరమను ప్రశ్నను పట్టుకొన్న నాటినుండి అది నశించెను. ఒక్కొక్క నాయకుడు ఒక్కొక్క తునకను తీసికొనిపోయెను. భూమి ఒకరి చేతను, కులము ఒకరి చేతను, భాష ఒకరి చేతను పడెను. విడివిడిగ అవి బేరమునకు వస్తువులయ్యెను.

సంఘములకును ఇదియే ప్రమాదము. ఏ పక్షము మనకు ఎన్ని స్థానములిచ్చెనను లెక్క అవసరమే. ఆ లెక్కను అడుగుటకు మనకు హక్కు కలదు. కాని మన సభయందలి స్త్రీలకు కార్యవర్గమున ఎన్ని స్థానములున్నవి, మనలో భూమిలేని కూలివారి పిల్లలకు మన వసతిగృహమున ఎన్ని గదులున్నవి, మనకంటె చిన్న కులములవారు మనయూరి పంచాయతీలో నిలిచినప్పుడు మనము వారికి వోటు వేసితిమా లేదా యను లెక్కయు అడుగవలెను. ఈ రెండవ లెక్క వ్రాయు అలవాటు లేని సంఘమునకు మొదటి లెక్కలో వచ్చిన లాభము ఒకటి రెండు కుటుంబములకే చేరునని ఉత్తరాది అనుభవము చెప్పుచున్నది. ఈ మహాసభ కార్యక్రమమును నిర్ణయించు పెద్దలు ఈ చరిత్రను చిత్తమందుంచుకొందురు గాక యని విన్నవించుచు విరమించుచున్నాను.